వెనక తలుపు

గడ్డకట్టిన సరస్సు మీదికి వ్యాను దించగానే లైల్ సీటు బెల్టు విప్పేశాడు.

"అద్దం దించరా. నువ్వూ బెల్టు తీసెయ్."

"చలికి బిగుసుకుపోయి చస్తాం రా బాబూ!" అన్నాను.

"మునిగి చావడంకన్నా నయమే. మంచు పగిలితే దూకాలిగా."

మార్చి ఎండకి మంచు మీద నీళ్లు నిలిచాయి. కానీ ఆవలి గట్టున జనం ఎదురుచూస్తున్నారు. పంతొమ్మిదేళ్లుగా ముగ్గురం ఊరూరా తిరిగి పంక్ పాటలు పాడుతున్నాం, ఒక్క కచేరీ ఎగ్గొట్టలేదు.

చక్రాల కింద ఏదో ఫెళ్లుమంది.

"ఆపకూడదు," అంటూ లైల్ పోనిస్తూనే ఉన్నాడు. "రస్‌ని లేపు."

డ్రమ్ములు వాయించే రస్ వెనకాల, కప్పుదాకా పేర్చిన స్పీకర్ల అవతల పడుకున్నాడు.

"రస్! లేచి వెనక తలుపు తీసి పట్టుకోరా!"

"ఏ తలుపురా?" నిద్రమత్తులో నవ్వాడు రస్. "విన్నిపెగ్‌లో దొంగలు గిటార్లు ఎత్తుకుపోయాక వెల్డింగ్ చేయించేశాంగా!"