కుడిచేతి మీద లైటు

"మొహం మీద పడే లైటు వద్దు. నీ మొహం నలభై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను," అంది బుర్మకాన్.

దోర్దోయ్ బజారులో లైట్ల కొట్టువాడు నవ్వాపుకున్నాడు. ఆమె మొగుడు ఇషెన్‌బాయ్ పెళ్లిళ్లలో ఒక్కడే కూర్చుని, మూడు తీగల కొముజు వాయిస్తాడు.

"రంగులు మారేది తీసుకుందామే," అన్నాడతను ఆశగా.

"పెళ్లికొడుకువా? ఇదిగో, ఈ చిన్న బ్యాటరీ లైటు చాలు. జేబులో పడుతుంది. దీని మెడ వంచి కుడిచేతి మీద వెలుగు పడేలా పెట్టుకో. తీగ మీటి, ఆ చెయ్యి పిట్టలా గాల్లో తిప్పుతావే, అది కనబడాలి."

"పాట వినాలి గానీ, చెయ్యి చూడ్డమేంటి? అయినా నువ్వా చెప్పేది? మొన్న పెళ్లిలో, ఆ మసక గుడారంలో పాట సగంలోనే చప్పట్లు కొట్టి నా పరువు తీశావు!"

బుర్మకాన్ లైటు వెలిగించి అతని చేతి మీదికి వంచింది.

"మసకలో చెయ్యి కనబడలేదయ్యా. మాటలైతే వినిపిస్తాయి గానీ, రెండేళ్లుగా తీగ చప్పుడు నా చెవికి అందట్లేదు. నీ చెయ్యి ఆగితేనే పాట అయిందని తెలుస్తుంది."

ఇషెన్‌బాయ్ కాసేపు తన చేతినే చూసుకున్నాడు. తర్వాత కొట్టువాడి వైపు తిరిగాడు.

"ఇలాంటివి రెండివ్వు బాబూ. ఎడమచెయ్యి వాయించేది కూడా ఈవిడ వినాలి."