సొరకు కానుపు

బాలింతకు పాలు చాలడం లేదు. పుట్టి రెండు వారాలైన పసిగుడ్డు గుక్కపెట్టి ఏడుస్తోంది. పాలసొర చేప కూర పెడితే పాలు పడతాయని ఆరోగ్యమ్మ నమ్మకం. నరసరావుపేట సంతకు పచ్చి సొర రాదు.

“నువ్వే పట్టుకురా. ఇన్నాళ్లకు నీ సరదా ఒక పనికొస్తది,” అంది కొడుకు అంతోనితో.

అంతోనికి గాలం పిచ్చి. ఆదివారం గుళ్లో పూజ కాగానే స్నేహితుడు మరియదాసుతో బస్సెక్కి బాపట్ల సముద్రానికి పోయేవాడు. పట్టినవి అమ్మడు, సగం తినడు కూడా. తాడు చివర చేప పెనుగులాడుతుంటే చేతుల్లోకి వచ్చే ఆ బరువు, అదే కావాలి అతనికి.

ఈ ఆదివారం మధ్యాహ్నానికి సొర పడింది. ఇద్దరూ లాగి ఇసుక మీద వేశారు. నిండు కడుపుతో ఉంది. చూస్తుండగానే జానెడు పిల్ల ఒకటి బయటికి జారి కొట్టుకుంది.

మరియదాసు కత్తి తీశాడు. “లోపల ఇంకా ఉన్నయిరా. కడుపు కొయ్యాలి.”

రెండు వారాల కిందట, గాలం సంచి భుజాన ఉండగానే, ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ నోట విన్న మాట అది. కబురంది సముద్రం నుంచి అతను పోయేసరికే పొద్దుగూకింది.

అంతోని గాలం ఊడదీశాడు. సొరను రెండు చేతులా ఎత్తుకుని నీళ్లలోకి నడిచాడు. పిల్లనూ వదిలాడు.

“ఏందిరా, సొరకు కానుపు చేస్తన్నావా? ఇంటికాడ పసిదాని గొంతు ఎండిపోతా ఉంటే,” అన్నాడు మరియదాసు.

తిరిగొచ్చే బస్సు చిలకలూరిపేట దాటింది. అంతోని ఖాళీ బుట్టను సీటు కిందికి తోశాడు, ఎవరూ చూడకుండా.

ఆరోగ్యమ్మ అప్పటికే వెల్లుల్లి ఒలిచి, చింతపండు నానబెట్టి ఉంది. చేప పడలేదని చెప్పబోయాడు. తల్లి మొహం చూస్తే అబద్ధం నోటికి రాలేదు. జరిగింది విని ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగేసింది.

“పోయి నువ్వే చెప్పుకో. నాకు మొహం చెల్లదు.”

అంతోని వెళ్లి, గుమ్మానికి కట్టిన దుప్పటి ఇవతల నిలబడ్డాడు. సొర పడిందనీ, చేతులారా వదిలేశాననీ నేల చూస్తూ చెప్పాడు.

“తల్లి పోయిన బిడ్డ. అన్నా, ఉన్న పాలు ముందు దాన్నే తాగనీ, నా పిల్లోడు ఆగుతాడులే,” అంది దుప్పటి వెనక నుంచి పక్కింటి మాబున్నీసా.