కళ్ళు మాత్రమే కనిపించే గది

"పోయిన వారం మీ కళ్ళలో నీళ్ళు చూశాక, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయానండీ. నా కోసం ఏడ్చింది మీరొక్కరే."

అత్తగారు పోయినప్పటి నుంచి కంటి మీద కునుకు లేక, మనసు డాక్టరమ్మ దగ్గరికి వస్తున్న కోడలు ఆమె. కరోనా రోజులు కావడంతో ఇద్దరి ముఖాలకూ మాస్కులే.

డాక్టరమ్మ గతుక్కుమంది. ఆ రోజు తనకు వచ్చింది ఏడుపు కాదు, ఆవులింత. మధ్యాహ్నం మూడింటికి, అయిదో మనిషిగా ఈమె కష్టం వింటూ, మాస్కు చాటున నోరంతా తెరిచి ఆవులించింది. ఆ నీళ్ళు దానివే.

ఊరుకుంటే పోయేదే. మాస్కు ఉండగా ఎవరికి తెలుస్తుంది? మనసే ఊరుకోలేదు.

"ఏమనుకోకండమ్మా. అది ఏడుపు కాదు, ఆవులింత. తప్పు నాదే."

కోడలు చాలాసేపు ఆమె కళ్ళలోకే చూసింది. లేచి వెళ్ళిపోతుందేమో అనుకుంది డాక్టరమ్మ. కానీ కోడలు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అయితే నేనూ చెప్పేస్తానండీ. ఎనిమిదేళ్ళు మంచంలో ఉన్న అత్తయ్యకు అన్నీ నేనే చేశాను. ఆస్పత్రిలో ఆవిడ ఊపిరి ఆగినప్పుడు నా కళ్ళు చూసి, 'కూతురైనా ఇంతలా ఏడవదు' అన్నారు చుట్టాలు. ఆ నీళ్ళు ఎందుకొచ్చాయో నాకు తెలీదు గానీ..."

ఆమె చేయి మాస్కు మీదికి వెళ్ళింది.

"దీని వెనక మాత్రం, 'హమ్మయ్య' అని నవ్వుకున్నానండీ."