రేడియోలో చెప్పిన మందు

డాక్టరమ్మ కట్టు విప్పేసరికి గదంతా వాసన కొట్టింది. బొటనవేలు నల్లబడిపోయింది. పక్క వేలు కూడా అదే దారి పట్టింది.

"ఎన్నాళ్లయింది ఇలా అయి?"

"చిన్న దెబ్బేనమ్మా. మిషన్ తొక్కుతుంటే తగిలింది," అన్నాడు టైలర్, పక్కింటివాళ్ల కాలి గురించి చెబుతున్నట్టు.

ఆయన పక్క కుర్చీలో కూతురు కూర్చుంది. ఆ వేలి వంక చూడలేక గోడమీది గడియారం వైపు చూస్తోంది. ఆయన్ని ఇక్కడిదాకా తీసుకురావడానికే ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి మొహం చిట్లించింది.

"షుగర్ ఇంత ఉందేమిటి? మాత్రలు వేసుకుంటున్నారా?"

"మానేశాను."

"ఎవరు మానెయ్యమన్నారు?"

టైలర్ కాస్త నసిగాడు. "రేడియోలో చెప్పారు. ఆ టానిక్ తాగితే ఇక మాత్రలతో పనిలేదని."

డాక్టరమ్మ పెన్ను బల్లమీద పడేసింది. ఈ టానిక్ గొడవ ఆమెకు కొత్త కాదు. ఆకుపచ్చ సీసా సంచిలో పెట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పిపుట్టింది. అయినా మళ్లీ మొదలుపెట్టింది.

"ఆ మందు ఎవరు తయారుచేశారో తెలుసా పెద్దాయనా?"

"తెలీదమ్మా."

"అందులో ఏమేం ఉన్నాయో సీసామీద రాశారా?"

"మూలికలని రాశారు."

"ఏ మూలికలు?"

"అది రాయలేదు."

"ఆ ప్రకటన రేడియోవాళ్లు ఊరికే వేస్తున్నారా?"

"ఊరికే ఎందుకేస్తారమ్మా. డబ్బులు తీసుకునే వేస్తారు."

అన్నిటికీ బుద్ధిగా జవాబులు చెప్పాడు. డాక్టరమ్మకు కాస్త ఆశ పుట్టింది.

నిజానికి టైలర్ అంత తేలిగ్గా బుట్టలో పడే రకం కాదు. కొట్లో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. సబ్బు ప్రకటన వస్తే నవ్వుతాడు. నాయకుల ఉపన్యాసం వస్తే కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వుతాడు. రంగు పోదని బట్టల కొట్టువాడు ఎన్ని ఒట్లు వేసినా, గుడ్డముక్క నీళ్లలో ముంచి చూడందే చొక్కా కత్తిరించడు. ఫోన్‌లో చిట్కా వైద్యాలు పంపినవాళ్లకు తనే ఫోన్ చేసి చీవాట్లు పెడతాడు.

"ఏ ప్రకటనా నమ్మరండీ," అంది కూతురు. "ఇదొక్కటే నమ్మారు. నా ఖర్మ."

"మరి ఇదొక్కటీ ఎందుకు నమ్మారు?"

"ఆ చెప్పే గొంతు అలాంటిదమ్మా." టైలర్ మొహం వెలిగింది. "'మా ఇంట్లో పెద్దవాళ్లచేత కూడా ఇదే తాగిస్తున్నాను, నన్ను నమ్మండి' అంటుంది. మనసులో లేనిది అలా రాదు."

"తాగించదు," అంది కూతురు. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పింది. "తాగించదు నాన్నా. ఆ సీసా మూత తీసి వాసనైనా చూడలేదు. కాగితం మీద రాసిచ్చారు, చదివింది. అక్కడ కాస్త గొంతు వణికించమన్నారు, వణికించింది. అంతే."

"సరిగ్గా చెప్పింది మీ అమ్మాయి," అంది డాక్టరమ్మ. "ఇంట్లో ఇంత తెలిసిన పిల్లను పెట్టుకుని మీరు చేసే పని ఇదా?"

"ఇంట్లోనూ ఇదే పాటమ్మా. మాత్రలు మానేశానని దానికి బెంగ. అందుకే అలా అంటుంది."

డాక్టరమ్మకు ఒళ్లు మండింది.

"ఆ రేడియో ఆవిడకేం, నాలుగు డబ్బులు పడేస్తే ఏదైనా చదువుతుంది. దానికి ఇక్కడ మీ వేలు పోతోంది. రేపు పాదం పోతుంది. అప్పుడు మిషన్ దేంతో తొక్కుతారు? అలాంటివాళ్లను జైల్లో పెట్టాలి."

కూతురు తల వంచుకుంది. కన్నీళ్లు టపటపా ఒళ్లో పడ్డాయి. పాదం అనేసరికి పిల్ల బెదిరిపోయిందనుకుని డాక్టరమ్మ గొంతు తగ్గించింది.

టైలర్ మాత్రం మొహం ముడుచుకున్నాడు. "నన్ను ఎన్నైనా అనండి. ఆ పిల్లను మాత్రం ఏమీ అనకండి."

"సరే, అనను. ఇవాళే ఆసుపత్రిలో చేరండి. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. వేలు పోయినా పాదం దక్కుతుంది. ముందు ఆ సీసా ఇలా ఇవ్వండి."

టైలర్ సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఇచ్చెయ్ నాన్నా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇంకొక్క సీసా తాగి చూస్తానమ్మా. గుణం నెమ్మదిగా కనబడుతుందని అందులో చెప్పారుగా. అప్పుడూ తగ్గకపోతే చేరతాను."

"అప్పటికి చేరడానికి కాలుండదు," అంది డాక్టరమ్మ.

కూతురు సంచి పట్టుకుని లాగింది. ఆయన వదల్లేదు. జీవితమంతా గుడ్డ పట్టిన వేళ్లు మరి. చివరికి ఆమే వదిలేసింది. బతిమాలింది, ఏడ్చింది, అన్నం మానేసింది, ఉన్నదున్నట్టు చెప్పింది. ఇక చేయడానికి ఆమెకు ఏమీ మిగల్లేదు.

డాక్టరమ్మ ఓపిక కూడా అయిపోయింది.

"ఎవరి మాటా నమ్మని మనిషి, మొహం కూడా తెలియని ఆవిడ మాట పట్టుకుని కాలు పోగొట్టుకుంటానంటారేమిటండీ?"

వద్దన్నట్టు కూతురు తల అడ్డంగా ఊపింది. ఆయన పట్టించుకోలేదు.

"తెలియకపోవడమేమిటమ్మా," అన్నాడాయన, "పుట్టి బుద్ధెరిగి నాతో ఒక్క అబద్ధం ఆడని నా కూతురి గొంతది."