అద్దంలో తాత

జీపు కొండదారి ఎత్తు మధ్యలో మళ్లీ ఆగిపోయింది.

లోపల బడిపిల్లలు కిక్కిరిసి ఉన్నారు. వాళ్లలో డ్రైవరు కూతురూ ఉంది.

డ్రైవరు హ్యాండ్ బ్రేకు లాగి, తన రాతను తిట్టుకుంటూ కూచున్నాడు. కాసేపటికి వెనక చక్రం దగ్గర టక్కుమని చప్పుడైంది.

"రాళ్ల తాత వచ్చాడు!" అని అరిచారు పిల్లలు.

ఆ ముసలాయన ఎవరో డ్రైవరుకి తెలీదు. ఎత్తు మొదట్లో కూచునుంటాడు. ఏ బండి ఎత్తు ఎక్కుతున్నా రెండు చేతులా రాయి పట్టుకుని దాని వెనకాలే నడుస్తాడు. బండి ఆగితే చక్రం కింద రాయి పెడతాడు. ఏమీ అడగడు, నవ్వడు. ఆయన్ని చూస్తేనే డ్రైవరుకి ఒళ్లు జలదరించేది.

ఆ సాయంత్రం మెకానిక్ అయిన బావమరిది షెడ్డుకి వెళ్లి మొత్తుకున్నాడు.

"రోజూ ఇలా ఆగిపోతే బడివాళ్లు వేరే బండి చూసుకుంటారు. ఏదో ఒకటి చెయ్యరా."

"కొత్త గేర్ బాక్సు కొనాలంటే జీపు అమ్మాలి బావా. అప్పుడు గేర్ బాక్సు దేనికి బిగిస్తావు?"

"వేళాకోళం ఆపు."

"తుక్కుకొట్లో పాత సరుకుల వ్యాను ఒకటి పడుంది. దాని ఇరుసులో ఉన్న పళ్లచక్రాలు మనకి సరిపోతాయి. వేగం తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది. టైర్లు కూడా చిన్నవి వేస్తే ఇంకాస్త నయం. గుడ్డిలో మెల్ల."

"ముందు ఇరుసుకి కూడా మార్చాలి కదా?"

"మార్చాలి. కానీ ఉన్నది ఒక్క జతే. ముందుది దొరికేదాకా నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ జోలికి పోకు. ముందు చక్రాలదో లెక్క, వెనక చక్రాలదో లెక్క అయితే బండి తనని తనే విరగ్గొట్టుకుంటుంది."

బావమరిది ఫోర్ వీల్ కడ్డీని తీగతో కట్టేశాడు. ఇక భారమంతా వెనక ఇరుసు మీదే.

మర్నాడు జీపు ముసలి ఎద్దులా మెల్లగా, కానీ ఎక్కడా ఆగకుండా ఎత్తు ఎక్కింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. డ్రైవరు మీసం దువ్వుకుంటూ అద్దంలోకి చూశాడు.

అద్దంలో తాత ఉన్నాడు.

ఇదివరకు ఊపు తీసుకుని ఎక్కేవాడు కాబట్టి ముసలాయన అద్దంలో చిన్నగా అయిపోయి, మలుపు దగ్గర మాయమయ్యేవాడు. ఇప్పుడు బండి మనిషి నడిచినంత మెల్లగా పోతోంది. ఆ ముఖం పెరగదు, తరగదు. రెప్ప వాల్చదు.

రోజూ అదే ముఖం. డ్రైవరుకి అన్నం సయించడం మానేసింది. ఇంట్లో గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడాలన్నా భయమే.

చివరికి ఒకరోజు ఎత్తు పైన బండి ఆపి, దిగి ముసలాయన మీదకి వెళ్లాడు.

"ఏం పెద్దాయనా, నా బండి ఎప్పుడు పడిపోతుందా అని కాచుక్కూచున్నావా?"

"పడకూడదనే నాయనా."

"గేర్లు మార్చాం. నీ రాయితో పనిలేదు. ఇంకోసారి నా వెనక కనిపిస్తే మర్యాద దక్కదు."

"గేర్లు బండిని ఎక్కిస్తాయి బాబూ. జారితే పట్టుకునేవాడు ఒకడుండాలి."

"ఆ అపశకునం మాటలే వద్దంటున్నాను!"

ముసలాయన రాయి పక్కన పెట్టి, నడుం పట్టుకుని దిగువకి వెళ్లిపోయాడు.

మర్నాడు అద్దం ఖాళీ. డ్రైవరు ఈల వేసుకుంటూ ఎక్కేశాడు. పీడా పోయిందనుకున్నాడు.

ఆ మర్నాడు వాన పట్టుకుంది. ఎత్తు సగం ఎక్కాక, ఎందుకో అద్దంలోకి చూశాడు.

తాత ఉన్నాడు. ఎప్పటికంటే దగ్గరగా. అంత వానలోనూ ఆయన చొక్కా తడవలేదు.

అప్పుడే బండి కింద ఫెళ్లుమంది.

కొత్త లాగుడు తట్టుకోలేక, వెనక ఇరుసుని తిప్పే పాత షాఫ్టు విరిగింది. విరిగిన ముక్క గిరగిరా తిరిగి బ్రేకు గొట్టాన్ని తెంపేసింది. బ్రేకు తొక్కితే కాలు నేలకి తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగాడు. అది పట్టి ఆపేది ఆ షాఫ్టునే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

జీపు వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఒక పక్క లోయ. పిల్లలు కేకలు పెట్టారు.

తలుపు తెరుచుకుంది. ఎప్పుడు తెరిచాడో డ్రైవరుకే తెలీదు. ఒక కాలు బయటికి వెళ్లింది.

"నాన్నా, ఎక్కడికి దిగుతున్నావ్?" అంది కూతురు.

అద్దంలో తాత వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత వంగాడు.

టక్కుమంది.

జీపు ఆగింది.

వెనక చక్రం కింద రాయి ఉంది. దారి పైనుంచి కింది దాకా మనిషన్నవాడు లేడు.

పిల్లల్ని నడిపించుకుని భద్రంగా బడికి చేర్చి, డ్రైవరు తడుస్తూనే ఎత్తు మొదట్లో ఉన్న టీకొట్టుకి పరుగెత్తాడు.

"అక్కా, రాళ్ల తాత ఎక్కడున్నాడు? ఆయన కాళ్ల మీద పడాలి."

టీకొట్టు ఆవిడ గ్లాసులు కడగడం ఆపింది.

"ఇంకెక్కడి కాళ్లు తమ్ముడూ? మొన్న నువ్వు తిట్టి పంపిన రాత్రే పోయాడు. నిన్న మేమే సాగనంపాం."

డ్రైవరు బల్ల మీద కూలబడ్డాడు.

"అసలు ఎవరక్కా ఆయన? ఎందుకలా రాళ్లు మోసేవాడు?"

"నీకు తెలీదా? చాలా ఏళ్ల కిందట ఇదే ఎత్తులో బడిపిల్లల బండి వెనక్కి జారి లోయలో పడింది. ఒక్క పిల్లా మిగల్లేదు."

"అయ్యో! అందులో ఆయన మనవలు ఉన్నారా?"

"లేదు తమ్ముడూ, ఆ బండి డ్రైవరు ఆయనే. జారడం మొదలవగానే తలుపు తీసుకుని దూకేశాడు."