ముదురు నీలం

"ఇదేం రంగు?"

"నీలం."

"కండ్లు తెరిచి చూడు."

కిరణ్ కండ్లు చిట్లించినాడు. "ముదురు నీలం, టీచరమ్మా."

"ముందే చెప్పేకి ఏమైంది?" రేఖ గదమాయించింది. పాఠం నడిచేటప్పుడు ఇంట్లో అయినా సరే టీచరమ్మా అనాల్సిందే. ఆ విషయంలో రేఖ దగ్గర మొహమాటాల్లేవు.

గుమ్మఘట్ట పక్కన వాన మొహం చాటేసిన ఊరు వాళ్లది. గురువారం కిరణ్‌కు రాయదుర్గంలో పరీక్ష. పోయినసారి పోయి చేసొచ్చిన ఘనకార్యం ఊరంతా చెప్పుకున్నారు. దారాల్లో రంగులన్నీ కలిపేసినాడు. కత్తెర కోసం పక్కవాడి జుట్టు పట్టుకున్నాడు. గంటలో ఐదుసార్లు చెప్పాపెట్టకుండా లేచి బయటికి పోయినాడు. తన్నులు తినడం ఒక్కటే తక్కువ. ఇంటికి పంపించేసినారు.

"ఈసారీ వీణ్ని తీసుకోకపోతే మూటాముల్లె సర్దుకుని అందరమూ బెంగుళూరుకు పోవాల్సిందే" అని అవ్వ ఓబులమ్మ తేల్చేసింది.

బెంగుళూరుకు పోతే అంగన్‌వాడీ వదులుకోవాల. ఆ మాట తలుచుకుంటేనే రేఖకు దుఃఖం ముంచుకొస్తాంది. అందుకే కిరణ్‌ను దారిలో పెట్టేకి నడుం బిగించింది. అంగన్‌వాడీలో ఏం చేస్తారో, ఎట్ల చేస్తారో రేఖకు తెలిసినంత ఆ ఇంట్లో ఇంకెవరికి తెలుసు?

పది రోజులు వాయించింది. పూసలు దారానికి గుచ్చించింది. వేళ్లు చురుగ్గా కదలాలని చేతులాడించి పాటలు పాడించింది. పంచుకోవడం రావాలని కిరణ్ గుడ్డులో సగం కుక్కకు పెట్టించింది. సరిగా చేస్తే చేతి మీద పెన్నుతో ఒక చుక్క. బయటికి పోవాలంటే చిటికెన వేలు చూపించాల. మధ్యాహ్నం చాప మీద కండ్లు మూసుకుని పడుకోవాల.

"నిద్ర రాలే టీచరమ్మా."

"రాకపోయినా మూసుకో."

గురువారం ముగ్గురూ బస్సెక్కినారు. గేటు కాడ కిరణ్ రేఖ చెయ్యి వదిలితే ఒట్టు.

"నేనీడే ఉంటా. పో. ఎవర్నీ కొట్టొద్దు."

రేఖ తలుపు సందులోంచి చూస్తా నిలబడింది. పరీక్ష పెట్టే ఆదెప్ప దారపుండలు కుప్ప పోసినాడు. కిరణ్ ఒక్కటీ తప్పకుండా రంగులు వేరు చేసినాడు. ఇంతలో పక్కన కూర్చున్నోడు కిరణ్ చేతిలోని కత్తెర లాక్కున్నాడు. కిరణ్ పిడికిలి బిగించినాడు. బిగించి, మెల్లగా విప్పినాడు.

"నీ పని అయినాక నాకియ్యన్నా."

ఇంకాసేపటికి చిటికెన వేలు పైకెత్తి ఆదెప్పకు చూపించినాడు.

ఆదెప్ప పడీపడీ నవ్వినాడు. "ఏమప్పా, ఎవరు నేర్పించినారు నీకు? బలే తయారై వచ్చినావే! సోమవారం నుంచి రా."

అవ్వ కొంగుతో కండ్లొత్తుకుంది. రేఖకైతే పట్టపగ్గాల్లేవు, బస్సు దాకా గంతులేస్తానే పోయింది.

సోమవారం పొద్దున, జీన్స్ ఫ్యాక్టరీలో కుట్టుపనికి తొలిరోజు బస్సెక్కేముందు, కిరణ్ నాలుగేళ్లు నిండని తన కూతురు రేఖను భుజం మీంచి అంగన్‌వాడీ గడపలో దించినాడు.