ఎక్స్‌ట్రాస్‌లో ఒక గోల్

స్కోరు పుస్తకం లక్ష్మీపతి కూర్చున్న సోఫా దిండు కిందే ఉంది.

"ఎంత వెతికినా కనబడలేదమ్మా," అన్నాడాయన కదలకుండా.

ఎదురుగా లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న మాయ మొహం చిన్నబోయింది. అమెరికాలో వాళ్ళుండే క్యారీ ఊరి లైబ్రరీ కోసం క్యారీ కింగ్‌ఫిషర్స్ చరిత్ర రాస్తోంది ఆ పిల్ల. పన్నెండేళ్ళ కిందటి ఇండోర్ సాకర్ టీమ్ అది; చుట్టూ గోడలున్న హాల్లో ఆడే ఫుట్‌బాల్. పేరుకి ప్రొఫెషనల్. పదకొండు మ్యాచ్‌లాడి, ఒక్కటంటే ఒక్కటి గెలిచి, మూతబడింది. వెబ్‌సైట్ కూడా లేదిప్పుడు.

"అన్ని మ్యాచ్‌లకీ స్కోర్ రాసింది మీరొక్కరేనట కదా అంకుల్?"

రాశాడు. కొడుకు కౌస్తుభ్ ఆడిన టీమ్ మరి! సాకర్ స్కోరు ఎలా రాస్తారో తెలీదు. అందుకని ఒంగోలు నుంచి తెచ్చుకున్న క్రికెట్ పుస్తకంలోనే, పరుగుల గళ్ళలో గోల్స్ వేసుకుంటూ రాశాడు.

ఒంగోలులో ఆయన రాసిందే స్కోరు. సొంత బావమరిది కాళ్ళావేళ్ళా పడినా తొంభైతొమ్మిదిని వంద చెయ్యలేదు.

కానీ ఆ గెలిచిన మ్యాచ్ ఉందే, నలభై సెకన్లుందనగా పడ్డ ఏడో గోల్, అది కౌస్తుభ్‌దని అందరూ అరిచారు. వాడి ఆట మొత్తానికీ అదొక్కటే.

ఆ కథ లక్ష్మీపతి ఎన్ని పాట్‌లక్ విందుల్లో చెప్పాడో! "గోడకి తగిలి వెనక్కొచ్చిన బాల్‌ని మావాడు ఒక్క తన్ను తన్నాడండీ..."

పుస్తకంలో మాత్రం వేరే ఉంది.

కాఫీ తెచ్చిన చాముండేశ్వరి మొగుడి వంక వింతగా చూసింది.

"కనబడకపోవడమేంటండీ? పొద్దున్నేగా దిండు కింద దోపుకున్నారు!"

తలుపు దగ్గర నిలబడ్డ కౌస్తుభ్ నవ్వాపుకున్నాడు.

ఇక తప్పలేదు. లక్ష్మీపతి పుస్తకం తీశాడు. కళ్ళజోడు రెండుసార్లు తుడిచాడు.

"ఏడో గోల్ కౌస్తుభ్‌దేనా అంకుల్?"

అవునంటే చాలు. ఆ గళ్ళలో ఏముందో ఈ పిల్లకేం అర్థమవుతుంది?

"కాదమ్మా," అన్నాడు. "అవతలి వాడి మోకాలికి తగిలి లోపలికెళ్ళింది. ఎక్స్‌ట్రాస్‌లో వేశాను."

మాయ టైప్ చేసుకుంది.

"ఈయన కన్నకొడుక్కైనా ఒకటి కలపడని మా తమ్ముడు అప్పుడే అన్నాడు," అని గొణుక్కుంటూ కప్పులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది చాముండేశ్వరి.

మాయ కారు మలుపు తిరిగేదాకా లక్ష్మీపతి కిటికీ దగ్గరే నిలబడ్డాడు. కొడుకు వైపు తిరగడానికి మొహం చెల్లలేదు.

"ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పానురా. ఇవాళ నీ గోల్ నా చేతులతోనే తీసేశాను."

"బాల్ నాకు తగల్లేదు నాన్నా. నాకు తెలీదా?"

ఆయన గిర్రున తిరిగాడు.

"తెలిసీ... ఒక్కసారైనా అనలేదేంరా?"

కౌస్తుభ్ తండ్రిని తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టి, దిండు వీపు వెనక సర్ది, తనూ పక్కన కూర్చున్నాడు.

"నలభై సెకన్లు ఉంది. బాల్ గోడకి తగిలింది," అన్నాడు. "తర్వాత ఏమైంది నాన్నా?"